ఇద్దరు ఏడ్చే పాట

1991 ఆగస్టు ఇరవై రెండు, గురువారం. ఆ మధ్యాహ్నం డాక్టర్ జహూర్ తిన్నది రెండు జొన్నరొట్టెలు, రోట్లో నూరిన ఎండుమిరప కారం, ఒక ఉల్లిగడ్డ. ఉల్లిగడ్డను హేమ్లి పీట మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది పగలగొట్టింది.

"తప్పయింది, మాఫ్ చెయ్యమని అడగనీకి వచ్చిన" అన్నాడాయన.

"ముందు తిను. ఆకలి కడుపుతోని అడిగితే నేనియ్య" అందామె.

ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లలో ఆయన ఎన్నో ఊళ్లలో, ఎందరో పెద్దల పక్కన కూర్చుని తిన్నాడు. తారీఖుతో సహా గుర్తుండిపోయిన భోజనం మాత్రం అదొక్కటే.

అప్పటికాయనకు ఇరవై తొమ్మిదేళ్లు. ఖమ్మం కమాన్ బజారులో పరుపులు కుట్టే అబూబకర్ కొడుకు. మనసు వైద్యం చదివి, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ఆయన పని చేసే దవాఖానాకు చండ్రుగొండ దగ్గరి తండా నుంచి హేమ్లిని మలేరియా జ్వరంతో తీసుకొచ్చారు. జ్వరం దిగుతున్న రోజున ఆమె అక్క చూడటానికి వచ్చింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ముసుగులు దించుకుని, ఒకరి మెడ మీద ఒకరు తల ఆనించి, రాగం తీసి ఏడవడం మొదలుపెట్టారు. వార్డులో పడుకున్న వాళ్లంతా లేచి కూర్చున్నారు. నర్సు పరుగున వెళ్లి జహూర్‌ని పిలుచుకొచ్చింది. ఆయన గుమ్మంలోనే నిలబడి చూసి, చీటీ మీద 'ఉన్మాదం' అని రాసి, సూది వేయించాడు. హేమ్లి రెండు రోజులు మత్తుగా పడుకుంది. ఇంట్లో చంటిపిల్లను వదిలి వచ్చిన అక్క ఆమె లేచేదాకా ఆగలేక బస్సెక్కి వెళ్లిపోయింది.

మూడో రోజు హేమ్లి భర్త దేవ్‌సింగ్ డాక్టర్ గది బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. అతని ముఖంలో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"సారూ, మా అత్త పొయ్యి ఆర్నెల్లయింది. అక్కాచెల్లెండ్లు గప్పటిసంది కలవలే. కలిస్తే ముందు ఏడ్వాలె, తర్వాతనే నీళ్లు ముట్టాలె. గది మా పద్ధతి. దానికి గూడ సూది ఉన్నదా మీ తాన?"

ఆ ప్రశ్నకు జవాబు చదువుకున్న పుస్తకాల్లో దొరకలేదు. అందుకే తండాకు వెళ్లాడు, రొట్టె తిన్నాడు, తప్పు ఒప్పుకున్నాడు. తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాడు. ఆ ఆదివారాలే ఏళ్లయ్యాయి. వైద్యం మానకుండానే మనుషుల ఆచారాల గురించి ఇంకో చదువు చదివాడు. "జహూర్‌కు పిచ్చోళ్లు సరిపోలేదయ్యా, మంచోళ్ల వెంట కూడా పడ్డాడు" అని తోటి డాక్టర్లు నవ్వేవారు. ఆయనా వాళ్లతోపాటు నవ్వేవాడు.

చిక్కేమిటంటే, ఆ ఏడుపు పాటను తండాలో ఢావ్లో అంటారు, అది ఆడవాళ్లది. మగవాడు నోటుబుక్కు పట్టుకుని వస్తే వాళ్లు నోరు విప్పరు. ఆ చిక్కు విప్పింది ఆయన భార్య మెహర్. బడిలో పంతులమ్మ. సెలవు రోజుల్లో ఆయనతోపాటు బస్సెక్కి వచ్చి, ఆడవాళ్ల మధ్య కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ వినేది, సాయంత్రం రాసుకునేది. అట్లా పదకొండు నోటుబుక్కులు నిండాయి. వాటిలోంచి ఆయన ఏరి, కూర్చి, పుస్తకం వేశాడు. ఆ పుస్తకంతోనే ఆయనకు పేరొచ్చింది. అట్ట మీద ఆయన పేరుంది. లోపల ఉన్నదంతా ఆమె చెవి.

మెహర్ పోయి మూడేళ్లు. వచ్చిన వాళ్లంతా "సబర్ చెయ్, ఓర్చుకో భాయ్" అన్నారు. ఆయన అందరికీ చాయ్ ఇప్పించాడు. తర్వాతి గురువారం ఎప్పటిలాగే చండ్రుగొండ బస్సెక్కాడు. ఉద్యోగం అయిపోయాక అక్కడొక గది కిరాయికి తీసుకుని వారానికొక్క రోజు రోగుల్ని చూస్తున్నాడు. బస్సులో ఇప్పటికీ కిటికీ పక్క సీటు వదిలి, ఇవతల కూర్చుంటాడు. కండక్టర్‌కు ఆ సంగతి తెలుసు. ఎవరైనా ఆ సీటు అడిగితే, ముందు వేరే చోట ఖాళీ ఉందేమో చూసి అక్కడికి పంపిస్తాడు. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

*

మొన్న జూలైలో కరెంటు లైన్‌మన్ తిరుపతి తన తల్లి పూలిని వెంటబెట్టుకుని ఆ గదికి వచ్చాడు. పూలికి యాభై ఎనిమిదేళ్లు. వచ్చినప్పటి నుంచీ నేల చూపులే. వెనకాల కోడలు సోని నిలబడింది.

"మా బాపు హరిలాల్ కరోనాల పొయ్యిండు సార్. నాలుగేండ్లాయె. అప్పటిసంది మా యాడి పొద్దు గూకంగనే గడపల కూసొని రాగం తీసి ఏడుస్తది. ఈ నడుమ మరీ ఎక్కువైంది. చుట్టుపక్కలోళ్లు పిచ్చి లేసిందంటున్రు."

రాగం తీసి ఏడుస్తుందన్న మాట వినగానే జహూర్ ముఖం వికసించింది. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"తిరుపతీ, ఇది పిచ్చి కాదు. మీ ఢావ్లో. ఇదే చూసి నేను కొత్త డాక్టర్‌గ ఉన్నప్పుడు ఎంత పెద్ద తప్పు చేసిన్నో చెప్త విను" అని హేమ్లి కథంతా చెప్పాడు. సూది సంగతి, దేవ్‌సింగ్ అడిగిన ప్రశ్న, రొట్టె, ఉల్లిగడ్డ. ఎన్నో సభల్లో చెప్పిన కథ. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో అలవాటైపోయింది.

"సార్, తిండి..." అంది సోని తలుపు దగ్గర్నుంచి.

"తింటదిలే అమ్మా. ఏడ్వనియ్యి, ఆపకు. మందులేం వద్దు."

మూలనున్న కాటా మీద పూలిని నిలబెట్టలేదు. చెయ్యి పట్టుకుని నాడి చూడలేదు. వాళ్లు వెళ్లాక ఆయనకు చాలా రోజుల తర్వాత మనసు తేలికైంది. ఒక మనిషిని సూది నుంచి తప్పించానని సంతోషపడ్డాడు.

ఆగస్టులో ఒక గురువారం తిరుపతి ఆమెను రెండు చేతుల మీద మోసుకొచ్చాడు.

పెదవులు ఎండి పగిలాయి. చెయ్యి పట్టుకుంటే ఎముకకు చర్మం అంటుకుని ఉంది. కాటా మీద కూర్చోబెడితే ముప్పై మూడు కిలోలు చూపించింది. ఎండాకాలంలో నలభై ఒకటి ఉండేదని సోని చెప్పింది. నెల రోజులుగా పగటి పూట రెండు గుక్కల గంజి, అంతే.

"నేను చెప్పబోయిన సార్ ఆ రోజు" అంది సోని. నిష్ఠూరమాడలేదు. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది.

తిరుపతి మాత్రం ఆగలేదు. "మంచిగ చెప్పిన్రు సార్ కథ. మీ బుక్కుల ఇంకో పేజీ పెరుగుతదనుకున్నరా మా యాడితోని?"

జహూర్ ఒకప్పుడు ఆచారాన్ని చూసి జబ్బన్నాడు. ఈసారి జబ్బును చూసి ఆచారమన్నాడు. రెండుసార్లూ చూసింది మనిషిని కాదు. సెలైన్ ఎక్కించి, దిగులు జబ్బుకు రాత్రికి సగం మాత్రతో మందు మొదలుపెట్టాడు. మందు పని చేయడానికి రెండు మూడు వారాలు పడుతుందని చెప్పాడు.

"మూడు వారాలా?" తిరుపతి నవ్వాడు, ఏడవలేక నవ్వే నవ్వు. "వానల్ల చెట్లు పడి లైన్లు తెగుతుంటే నేను రాత్రిళ్లు ఇంట్ల ఉండ. ఈమె చూస్తే తలుపు మూయనియ్యది. మూస్తే లేచి తీస్తది. తెల్లార్లు గడపల కూసుంటది. మొన్న పాము పక్కకెళ్లి పొయ్యింది. హైదరాబాద్‌ల గిసుంటోళ్లకు ఒక హోమ్ ఉన్నదట, చేర్చుకుంటరట. ఐతారం పొద్దుగాల కారు మాట్లాడిన."

"అక్కడికి పోతే ఈమె బతకది, తిరుపతీ."

"ఈడ బతుకుతున్నదా సార్?"

తలుపు సంగతి ఆయన వినడం అదే మొదటిసారి. సోనిని అడిగాడు. అత్తకు కప్పేందుకు గడప మీద దోమతెర కట్టానని, పక్కన ఒక కర్ర, టార్చిలైటు పెడుతున్నానని చెప్పింది. తలుపెందుకు మూయనివ్వదంటే ఎంత అడిగినా చెప్పదట.

"ఐతారం దాకా టైమియ్యి" అన్నాడు జహూర్.

"కారైతే ఆగది సార్. గప్పటి దాక మీరేం జేస్తరో చెయ్యిన్రి."

*

ఆ సాయంత్రం ఖమ్మంలో మగ్రిబ్ నమాజు అయ్యాక మెహర్ పెట్టె తెరిచాడు. నోటుబుక్కులు పదకొండూ చారల పరుపుగుడ్డతో కుట్టిన సంచిలో ఉన్నాయి. ఆమె పోయాక ఆ సంచి ముడి విప్పలేదు. విప్పితే అందులోంచి ఆమె వాడే కొబ్బరినూనె వాసన కొద్దిగా వచ్చింది.

వెతికిన తలుపు సంగతి నాలుగో పుస్తకంలో దొరికింది. మెహర్ గుండ్రటి అక్షరాలు:

'ఒక్కతే ఏడవదు. ఎవరిదో ఒక మెడ ఉండాలి, ఇద్దరైతేనే పాట. మరి ఎవరూ రాకపోతే ఏం చేస్తారని అడిగాను. "మా యాడి అయితే వచ్చేదాకా తలుపు మూయనిచ్చేది కాదు" అంది హేమ్లి. అందరూ నవ్వారు.'

ఆ ఐదు వాక్యాల మీద అడ్డంగా ఎర్ర పెన్సిలు గీత. పక్కన 'అవసరం లేదు' అని తన చేతిరాతే. పుస్తకం వేసేటప్పుడు, ఎవరో ఒక ముసలమ్మ అలవాటు కదా అని కొట్టేశాడు. మెహర్ అప్పుడేమైనా అందా అని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఏమీ అనలేదు. చాయ్ తెచ్చి పక్కన పెట్టి వెళ్లింది.

తెల్లారి మొదటి బస్సుకే హేమ్లి తండాకు వెళ్లాడు. దేవ్‌సింగ్ పోయాక ఆమె కొడుకు దగ్గర ఉంటోంది. డెబ్బైకి దగ్గరగా ఉన్నా పత్తిచేలో కలుపు తీస్తూ కనిపించింది. విషయమంతా చెబితే కలుపు కత్తి పక్కన పెట్టి ఆయన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఆమె ఎవరి మెడ పట్టుకొని ఏడుస్తుండె?"

"ఎవరూ లేరక్కా. గుమ్మం కొయ్య పట్టుకొని."

"కొయ్య మళ్లీ ఏడుస్తదా? ముప్పై ఏండ్లు మా రొట్టెలు తిని గింతనా నువ్వు నేర్చింది? మెహర్ బాయి ఉంటే నీ నెత్తి మీద మొట్టుతుండె."

"అవ్" అన్నాడు జహూర్. "మొట్టుతుండె."

హేమ్లి గట్టు మీద కూర్చుంది. గొంతు తగ్గించి అంది: "మెహర్ బాయి పొయ్యినప్పుడు మీ ఇంటికొచ్చిన. యాదికున్నదా? మూడో దినం. మీ ఆడోళ్లంత సప్పుడు లేకుంట పూసల దండలు తిప్పుకుంట కూసున్రు. ఎవరి మెడ మీద పడాలె నేను? నీ మీద పడొచ్చునా? నీళ్లు గూడ తాగకుంట వచ్చేసిన. నా తాన గూడ ఒకటి మిగిలిపొయ్యింది సారూ."

ఆమె వచ్చిన సంగతి ఆయనకు గుర్తే. చాయ్ తాగకుండా వెళ్లిందని అప్పట్లో కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

ఫోన్ చేసి అడిగితే, పూలికి పినపాక దగ్గర ద్వాలి అనే చెల్లెలుందని సోని చెప్పింది, నంబరు ఇచ్చింది. జహూర్ కలిపి ఇస్తే హేమ్లి ఫోన్‌ను నోటి ముందు పలకలా పట్టుకుని అరిచినట్టు మాట్లాడింది. అటువైపు ద్వాలి ముందు ఏడ్చింది, తర్వాత సాకులు చెప్పింది. కరోనాలో పోలీసులు రోడ్డు మీదికే రానివ్వలేదు. తర్వాత భయమేసింది. ఆ తర్వాత ఏడాదయింది, రెండేళ్లయింది. బావ చావుకు రాని దాన్ని ఇప్పుడు ఏ మొఖం పెట్టుకుని రావాలక్కా అంది.

"మొఖం చెల్లకుంటే ముసుగేసుకో" అంది హేమ్లి. "ఏడ్చేటప్పుడు ఎట్లనూ ముసుగే గద. నీ మొఖం ఎవరడిగిన్రే? మెడ తీస్కరా సాలు. రేపు పొద్దు గూకే లోపల రావాలె."

*

శనివారం సాయంత్రం వాన వెలిసింది. పూలి ఇంటి ముందు రేకుల పందిరి కింద జహూర్, తిరుపతి చెరో కుర్చీలో కూర్చున్నారు. తిరుపతి పక్కనే బైకు, దాని మీద ఎల్లుండి ఎక్కాల్సిన స్తంభాల జాబితా. వద్దనలేదు, అవుననలేదు. "రానియ్యిన్రి, చూద్దం" అన్నాడంతే.

పూలి గడపలో కూర్చుని ఉంది. రెండు రోజుల సెలైన్‌కు కళ్లలో కొంచెం తడి వచ్చింది. పొద్దు వాలుతుండగా గుమ్మం కొయ్య మీద తల ఆనించి, సన్నగా రాగం మొదలుపెట్టింది.

ఆటో వచ్చి వాకిలి ముందు ఆగింది. ముందు హేమ్లి దిగింది. వెనకాల ద్వాలి దిగి, నాలుగడుగులు వేసి, వాకిట్లో ఆగిపోయింది. పూలి తలెత్తి చూసింది. రాగం తెగిపోయింది.

తిరుపతి లేవబోతే జహూర్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

హేమ్లి వెనక్కొచ్చి ద్వాలి ముసుగు కిందికి లాగి, వీపు మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోసింది. ద్వాలి వెళ్లి గడప ముందు మోకాళ్ల మీద పడింది. పూలి చేతులు గుమ్మం కొయ్యను వదిలాయి. చెల్లెలి మెడను చుట్టుకున్నాయి.

పూలి ఒక వాక్యం పాడింది. ద్వాలి దాన్ని అందుకుని ఇంకో వాక్యం పాడింది. ఒకరి ఊపిరి అయిపోయే చోట ఇంకొకరిది మొదలైంది. హరిలాల్ పేరు వచ్చింది. ఆయన జొన్నచేను, మోటుగా నవ్వే నవ్వు, చెల్లెలి పెళ్లిలో ఆయన మోసిన కావిడి, ఖమ్మం తీసుకుపోయిన అంబులెన్సు, తిరిగిరాని ప్రయాణం. నాలుగేళ్లుగా ఒక్క గొంతులో తిరిగి తిరిగి అరిగిపోయిన మాటలు ఇప్పుడు ఇంకో గొంతులో తగిలి బయటికొచ్చాయి. హేమ్లి వాళ్లిద్దరినీ కలిపి చుట్టుకుని తన వాళ్లను తెచ్చింది. తల్లిని తెచ్చింది. దవాఖానాలో సగంలో తెగిపోయిన ఏడుపును, ఆ తర్వాత కన్నుమూసిన అక్కను తెచ్చింది. దేవ్‌సింగ్‌ను తెచ్చింది.

ఆ తర్వాత ఇంకో పేరు వచ్చింది. మిరపకాయల తొడిమలు తీసిన చేతులు, మనకు తోడుగా కూర్చున్న పంతులమ్మ, మెహర్ బాయీ, నీ నీళ్లు తాగకుండా వచ్చేశానే మెహర్ బాయీ.

తిరుపతి జహూర్ వైపు తిరిగాడు. "సార్... మీ మేడమా?"

"అవ్" అన్నాడు జహూర్. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మూడేళ్లలో రాని ఏడుపు భుజాలు కదిలేలా వచ్చింది.

తిరుపతి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. మెడలోని తువ్వాలు తీసి ఇచ్చాడు. నేల చూస్తూ అన్నాడు: "మా బాపును కాల్చేటప్పుడు నేనొక్కన్నే ఉన్న సార్. దూరంగ నిలబడమన్నరు. మొఖం గూడ సక్కగ చూడలే. ఇంటికొచ్చి యాడికి ఏం చెప్పాల్నో తెల్వక, డ్యూటీకి పొయ్యిన." తర్వాత ఒక అంచు తాను లాక్కుని అదే తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మొగోళ్లకు ఉండదా సార్ గిసుంటిది?"

"నేను అడగలే తిరుపతీ. అన్నేండ్లు తిరిగిన గని, అదొక్కటి అడగలే."

పాట దానంతట అదే సన్నబడి ఆగింది. సోని చెంబుతో నీళ్లు తెచ్చింది. ముగ్గురూ ముఖాలు కడుక్కున్నారు. హేమ్లి పూలిని చూసి, "ఏందే, నువ్వు గింత సన్నగైతే పట్టుకున్నోళ్లకు ఎముకలు గుచ్చుకుంటున్నయి. ఏమన్న తిను ముందు" అంది. ద్వాలి ఏడుస్తున్నది కాస్తా నవ్వింది. పూలి పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది.

జొన్నరొట్టెను పాలల్లో చిదిమి ద్వాలి తినిపించింది. సగం రొట్టె లోపలికి పోయింది. అది చూస్తూ నిలబడిన సోని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

జహూర్ తిరుపతికి సగం మాత్ర చూపించాడు. "దీన్ని మాత్రం మర్చిపోవద్దు. ఇయ్యాల తిన్నదని రేపు తింటదని కాదు. ఏడుపు చేసే పని ఏడుపు చేస్తది, మాత్ర చేసే పని మాత్ర చేస్తది. ద్వాలి నెల రోజులు ఉంటనన్నది. గురువారం గురువారం తీస్కరా, నేను కాటా మీద నిలబెట్టి చూస్త. మొదలు అదే చూస్త."

తిరుపతి ఫోన్ తీసి పందిరి చివరికి వెళ్లాడు. "అన్నా, రేపు కారొద్దు" అనడం వినిపించింది. అవతలి మనిషి ఏదో అడిగినట్టున్నాడు. "మా చిన్నమ్మ వచ్చిందే" అన్నాడు తిరుపతి.

ఎనిమిదవుతుండగా జహూర్‌ను చండ్రుగొండలో బస్సెక్కించడానికి తిరుపతి బైకు బయటికి తీశాడు. ఇంట్లో హేమ్లి, ద్వాలి నేల మీద పక్కలు పరుచుకుంటున్నారు. ఇద్దరి మధ్య పూలికి చోటు వదిలారు. గడప మీద దోమతెర ఇంకా కట్టే ఉంది, పక్కన కర్ర, టార్చిలైటు.

తిరుపతి కిక్కు మీద కాలు పెట్టి ఆగిపోయాడు. జహూర్ కూడా అటే చూశాడు.

పూలి గోడ పట్టుకుని మెల్లగా లేచి వచ్చింది. గుమ్మంలో నిలబడి వాకిలి వైపు, దారి వైపు ఒకసారి చూసింది. దోమతెర ముళ్లు విప్పి, మడిచి చంకలో పెట్టుకుంది. కర్రను, టార్చిలైటును లోపలికి తీసుకుంది. తర్వాత చప్పుడు కాకుండా, ఒక రెక్క తర్వాత ఒక రెక్క, తలుపు మూసింది.